భావం ఎవరి సొత్తు?

మాస్టర్‌క్లాసులో కూర్చున్న చెల్లో విద్యార్థికి శ్రుతి తప్పదు, తాళం తప్పదు. చిన్నప్పటి నుంచి సాధన చేసి ఆ వేదిక దాకా వచ్చినవాడు. అయినా నాలుగు వరసలు వాయించగానే గురువు చెయ్యెత్తి ఆపుతాడు. ‘అంతా బాగానే ఉంది, ఇంతకీ నువ్వేం చెప్పదలుచుకున్నావు?’ అంటాడు. ఈ ప్రశ్నకు జవాబు ఒకరు నేర్పగలిగేదేనా? నేర్పితే అది శిష్యుడి జవాబు ఎలా అవుతుంది?

మన కచేరీ సంగీతంలో ఈ చిక్కు కొంత తక్కువ. కృతికి సాహిత్యం ఉంది. ఇక్కడ వేడుకోలు, ఇక్కడ నిష్ఠూరం అని గురువు మాటను పట్టుకుని దారి చూపిస్తాడు. జర్మన్ స్వరకర్త బాఖ్ చెల్లో సూట్లు ఆరింటిలో మాటే లేదు. ఆయన చేతిరాత ప్రతి దొరకలేదు. భార్య అన్నా మాగ్డలేనా ఎత్తి రాసిన ప్రతి మనకు పెద్ద ఆధారం. ఎక్కడ గట్టిగా, ఎక్కడ మెత్తగా అన్న గుర్తులు అందులో దాదాపు కనబడవు. అయిదో సూట్‌లోని సారబాండ్ అనే భాగం అయితే మరీ నిరాడంబరం. రెండు తీగలు కలిపి మోగించే చోటు ఒక్కటీ లేదు, ఒంటి స్వరాల నడక అంతే.

దాన్ని విద్యార్థి ‘దుఃఖంగా’ వాయిస్తాడు. అంటే నెమ్మదిగా, స్వరస్వరానికీ ఎడమచేతి వేలు ఊపుతూ. మంచి గురువు దుఃఖం ఊసే ఎత్తడు. కమానును బ్రిడ్జి నుంచి కాస్త ఎడంగా జరపమంటాడు. చేతి బరువు తగ్గించమంటాడు. ఫలానా స్వరం మీద వేలు ఊపకుండా ఊరుకోమంటాడు. మళ్లీ వాయిస్తే హాలంతా సద్దుమణుగుతుంది. మారింది మనసా, మోచెయ్యా? మోచెయ్యి దాటకుండా మనసు బయటికి రాదు, నిజమే. కానీ చెప్పినట్టు కదిపిన మోచెయ్యి వెనక అప్పుడు ఎవరి మనసుంది?

బెర్నార్డ్ గ్రీన్‌హౌస్ అనే అమెరికన్ చెల్లిస్టు చెప్పుకున్న ఒక అనుభవం ఇక్కడ పనికొస్తుంది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఆయన ఫ్రాన్సులోని ప్రాద్ ఊరికి వెళ్లి, ఫ్రాంకో పాలన వల్ల స్పెయిన్ విడిచి అక్కడుంటున్న చెల్లో విద్వాంసుడు పాబ్లో కాసల్స్ దగ్గర చేరాడు. అప్పటికే చెయ్యి తిరిగిన వాద్యకారుడు. కాసల్స్ ఆయన చేత బాఖ్ సూట్ ఒకటి తన బాణీలోనే, వేలు పెట్టే చోటు, కమాను తిప్పే చోటు తేడా రాకుండా, అచ్చు దించినట్టు వాయించేదాకా కొన్ని వారాలు సాధన చేయించాడు. అది పూర్తయ్యాక కాసల్స్ చెల్లో తీసుకుని అదే రచనను వేళ్లూ కమానూ అన్నీ మార్చేసి వాయించి చూపించాడు. బాఖ్‌ను అప్పటికప్పుడు పుట్టినట్టు వాయించడమెలాగో ఇక నీకు తెలిసింది అన్నాడట.

కథ ముచ్చటైనదే. నాకు మాత్రం ఒక సందేహం మిగిలింది. ఆ రెండో ఘట్టం దాకా గురువు తీసుకెళ్లని శిష్యులు ఎంతమంది? అనుకరణలోనే ఆగిపోయి, దాన్నే సంప్రదాయమని తమ శిష్యులకు అప్పజెప్పినవాళ్లు మన గురుకులాల్లోనూ ఉన్నారు, యూరప్ కాన్సర్వేటరీల్లోనూ ఉన్నారు.

బతుకులో దెబ్బలు తింటేనే భావం పలుకుతుందనేవాళ్లున్నారు. ఇంగ్లిష్ స్వరకర్త ఎల్గార్ చెల్లో కన్చెర్టో 1919లో వెలువడింది. మొదటి ప్రపంచయుద్ధం చూసి అలసిన అరవై రెండేళ్ల మనిషి రచన అది. 1965లో ఇంగ్లిష్ చెల్లిస్టు జాక్విలిన్ డు ప్రే దాన్ని రికార్డు చేసేనాటికి ఆమెకు ఇరవయ్యేళ్లు. ఆ రికార్డు విన్నవాళ్లెవరూ అనుభవం చాలలేదని అనలేదు. మనం పడని బాధను కూడా లోపలికి తెచ్చుకోగల శక్తి మనిషిలో ఉంది. అదే లేకపోతే కథలు చదవడం దేనికి, ఎదుటివాడి కష్టం అర్థం కావడం ఎలా?

1973లో, ఇరవై ఎనిమిదేళ్లకే, మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఆమె వాయించడాన్ని ఆపేసింది. తర్వాత చక్రాల కుర్చీలోంచే ఆమె మాస్టర్‌క్లాసులు నడిపింది. చేసి చూపించే వీలు లేదు. మిగిలింది మాట, చూపు. దాంతో శిష్యుడికి దించుకోవడానికి ఏమీ లేకుండా పోయింది. ఆ రోగానికి ఘనత అంటగట్టడం నాకిష్టం లేదు. అది ఆమె నుంచి తీసుకున్నదే ఎక్కువ. కానీ చూపించలేని గురువు ముందు శిష్యుడు తన జవాబు తనే వెతుక్కోక తప్పదు.

1960లో అమెరికాలోని బర్క్‌లీలో ఎనభై మూడేళ్ల కాసల్స్ చెప్పిన క్లాసులను చిత్రీకరించారు. వీలైతే చూడండి. ఆయన వాయించేటప్పుడు ఎలాగూ మన కళ్లు ఆయన్ని వదలవు. ఆ తర్వాత శిష్యులు వాయించే ఘట్టాన్ని మాత్రం దాటవేయకండి. వాళ్లు ఆయన్ని వాయిస్తున్నారో, తమను తాము వాయిస్తున్నారో మీరే తేల్చండి.