కూలి కాదు, కృపావరము

(ధ్యానమునకు: లూకా 23:39-43, ఎఫెసీ 2:8-10)



హిందూపురము మొదలుకొని పెనుకొండ, ధర్మవరము వరకు మేము మరణపడకలయొద్ద కూర్చుండినప్పుడెల్ల ఒకే ప్రశ్న వినుచున్నాము: “అయ్యగారూ, నేను చేసినది చాలునా? ప్రభువు నన్ను చేర్చుకొనునా?” ఏండ్ల తరబడి ఆరాధనకు వచ్చిన పెద్దలు సహితము ఈ భయముతోనే కన్ను మూయుచున్నారు.

ఈ భయము మన కూలి బ్రదుకునుండి వచ్చినది. హిందూపురము మండీలో వెల లేక బెల్లము దొరకదు. ధర్మవరపు పట్టుచీరలో తప్పు కనబడినయెడల నేతగాని కూలి తగ్గును. దేవుడును అట్టి షావుకారేనని తలంచుచున్నాము.

సిలువమీది దొంగను చూడుడి. ఒక్క మంచిపనియైన చేయుటకు వాని చేతులకు విడుదల లేదు. అయినను ఆ దినమే వానికి పరదైసు లభించెను. రక్షణవస్త్రము మనము నేసినది కాదు. క్రీస్తు తన రక్తముతో సిద్ధపరచి యిచ్చునది. అయితే సత్క్రియలు వ్యర్థమా? కాదు. అవి రక్షణకు వెల కాదు, ఫలము.

ఆలస్యము చేయకుడి. 1565లో రక్కసితంగడి యుద్ధము తరువాత తిరుమలరాయలు పెనుకొండను రాజధానిగా చేసికొనెను. ఆ కోట శత్రువులను ఎదిరించెను గాని మరణమును ఆపలేదు. మరణమును జయించి లేచిన క్రీస్తే మన కోట. నేడు ఆయనను నమ్మినవాడు కడపటి గడియలో “చాలునా?” అని అడుగడు, “నీ కృప చాలును ప్రభువా” అనును. అంత్యదినమున ఆయన స్వరము విని సమాధినుండి లేచును.

ఆమేన్.