ఆటలో దాగిన పరుల హక్కు

 

ఓ జుమా నమాజు తర్వాత పదిహేనేళ్ల బాలుడు నన్ను అడిగాడు: "హజ్రత్! ఫోనులో ఎమ్యులేటర్ వేసుకుని వీడియో గేములు ఆడటం హరామా?" పక్కనున్న తండ్రి "చదువు మానేసి ఆటలేమిట్రా?" అని కసిరాడు. కాలాన్ని వృథా చేయకూడదన్న మాట నిజమే. కాని బాలుడు అడిగింది అది కాదు. తాను ఆడుతున్నది తన సొత్తా, పరుల సొత్తా అని అడిగాడు. ఈ సందేహం పెద్దలకే చాలామందికి కలగదు.

ఎమ్యులేటర్ అంటే ఆటల యంత్రం చేసే పనిని ఫోనులోనో కంప్యూటర్‌లోనో చేసి చూపే ప్రోగ్రాం. టేప్‌రికార్డరు వంటిదనుకోండి. అందులో ఖిరాఅత్ వినవచ్చు, పనికిమాలినవీ వినవచ్చు. అలాంటి ప్రోగ్రాం తయారీ కోసం చేసిన నకళ్లు న్యాయమైన వినియోగమేనని 2000లో సోనీ, కనెక్టిక్స్ దావాలో అమెరికా అప్పీలు కోర్టు చెప్పింది. కాబట్టి పనిముట్టు దానంతటది హరామ్ కాదు. అందులో వేసే ఆట ఎక్కడిది? అసలు ప్రశ్న ఇదే.

పుస్తకాలు, ఆవిష్కరణల వంటి వాటిపై వాటి కర్తలకు గల హక్కులను షరీఅత్ రక్షిస్తుందనీ, వాటిని అతిక్రమించరాదనీ 1988లో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ తీర్మానించింది. అంతకుముందు దీన్ని ఒప్పుకోని ఉలమా కూడా ఉన్నారు. అయినా మనం నివసించే దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ఉంది. దొంగ నకలని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రాం వాడితే అందులోని 63బి సెక్షను కింద జైలుశిక్ష పడవచ్చు. న్యాయంగా కొన్నవారు భద్రత కోసం ఒక నకలు తీసుకోవడానికి అదే చట్టం అనుమతిస్తుంది.

"అది కోటీశ్వరుల కంపెనీ, పైగా ముస్లిములది కాదు, వాళ్లకేం నష్టం?" అనేవారున్నారు. హిజ్రత్ రాత్రిని గుర్తుచేసుకోండి. ప్రాణం తీయడానికి ఇంటిని చుట్టుముట్టిన మక్కావాసుల అమానతులే దైవప్రవక్త (సఅసం) దగ్గర ఉన్నాయి. వాటిని యజమానులకు అప్పగించి రమ్మని హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచి వెళ్లారు. శత్రువుల సొమ్ము కదా అనుకోలేదు!

ఇక అంగట్లో దొరకని పాత ఆటల సంగతి. అమెరికాలో 2010కి ముందు వెలువడిన ఆటల్లో 87 శాతం ఇప్పుడు అమ్మకంలో లేవని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ లెక్క తేల్చింది. వీటిని దించుకోవడం, నిన్న విడుదలైన ఆటను దొంగిలించడం ఒకటేనని అనడానికి నాకు మనసొప్పదు. కాని హక్కుదారు తన హక్కు వదులుకున్నట్టు చెప్పలేదే! హలాల్, హరామ్‌ల నడుమ ఉన్న అనుమానాస్పద విషయాలకు దూరంగా ఉండమన్న హదీసు ఇక్కడ వర్తిస్తుందని నా అభిప్రాయం.

బాలుడికి వెంటనే జవాబివ్వలేకపోయాను. ఇంటికొచ్చి నా కంప్యూటర్ తెరిచాను. ఏళ్ల తరబడి ధార్మిక వ్యాసాలు టైపు చేసుకున్న తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ ఒక మిత్రుడు సీడీలో వేసిచ్చిన నకలు! అల్లాహ్ హక్కులో లోపం జరిగితే తౌబా చేసుకోవచ్చు. హుఖూఖుల్ ఇబాద్ విషయంలో తౌబాతో పాటు హక్కుదారుకు చెల్లించాలి, లేదా అతను మన్నించాలి. నకలు తీసేశాను, వెల కనుక్కుని కట్టాను. మరుసటి జుమాకు ఆ తండ్రీకొడుకులను కూర్చోబెట్టుకుని, ముందు నా సంగతి చెప్పి, తర్వాత జవాబు చెప్పాను.