రాజీ సంతకం

బీకాంలో మేము చదివిన 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఒక మాట స్పష్టంగా చెబుతుంది. బెదిరింపు, మోసం, అనుచితమైన ఒత్తిడి లేకుండా ఇచ్చిందే సమ్మతి. భర్త హింసపై కేసు పెట్టిన ఇల్లాలే దాన్ని కొట్టేయమని అర్జీ పెట్టుకున్నప్పుడు, బ్యాంకులో సంతకాలు సరిచూసే నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

1983లో వచ్చిన 498-ఎ సెక్షన్‌ను కేంద్ర చట్టం రాజీకి వీల్లేని నేరంగానే ఉంచింది. కోర్టు అనుమతితో రాజీపడవచ్చని 2003లో ఆంధ్రప్రదేశ్ సవరణ తెచ్చుకుంది. మన కర్ణాటకలో మాత్రం అందుకు హైకోర్టు గడప ఎక్కాల్సిందే. ఆ నేరం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్.

దెబ్బలు తిన్న మనిషే క్షమిస్తానంటే కాదనడానికి మనమెవరం? నిజమే. ఆమె మైనరు కాదు. ఆ కాపురం మంచిచెడ్డలు ఆమెకే తెలుసు. కానీ పుట్టింటివాళ్లు "సర్దుకుపోమ్మా" అంటుంటే, చేతిలో పైసా లేక, పిల్లల ఫీజులు తలచుకుని పెట్టిన సంతకం క్షమ అవుతుందా? కాదనగలిగే స్థితి లేని మనిషి సరేననడానికి విలువేముంది?

2005 నాటి గృహహింస చట్టం ఆమెకు ఆ ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది. ముందు ఆ ఉత్తర్వు, మనోవర్తి ఆమె చేతికి రావాలి. తరువాత, భర్తా బంధువులూ పక్కన లేనప్పుడు అడగాలి. అప్పటికీ "కేసు వద్దు" అంటే, ఆ మాట ఆమెదేనని మనం ఒప్పుకోవాలి.