వల వేయకముందు ఆలోచింపవలసిన మాట

ధ్యాన వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 22:6, 7, ఆదికాండము 1:22



మిర్యాలగూడ నుండి దామరచర్ల మీదుగా వెళ్లినచో వాడపల్లి చేరుదుము. అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు నగరము గుండ ప్రవహించి వచ్చు మూసీనది ఇచ్చటనే కృష్ణలో కలియుచున్నది. వంతెన దాటిన ఆవలి ఒడ్డున పొందుగల గ్రామమున్నది. గత జూలై నెలలో ఒక శనివారము తెల్లవారుజామున మేము ఈ రేవున ఒక విశ్వాసితో కూడ పుట్టి ఎక్కితిమి. ఆయన చిన్ననాటినుండి ఈ నీటిమీదనే బ్రదికిన జాలరి. ఆదివారపు ప్రసంగమునకు లూకా సువార్త 5వ అధ్యాయమును సిద్ధపరచుకొనుచుంటిమి గనుక, రాత్రి అంతయు ప్రయాసపడుట యనగా ఏమో కన్నులార చూడవలెనని కోరితిమి.

పుట్టి యనగా వెదురు బద్దలతో గంపవలె అల్లిన గుండ్రని పడవ. పూర్వము దానిని తోలుతో కప్పెడివారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పుచున్నారు. అలవాటు లేనివాడు తెడ్డు వేసినచో అది ముందుకు పోక, ఉన్నచోటనే తిరుగుచుండును. "అయ్యగారూ, మీరు కదలకుండ కూసోండి, మిగతాది నేను చూసుకుంట" అని ఆయన చెప్పగా, మేము మాట వినిన బిడ్డలవలె కూర్చుంటిమి.

తొలకరి వానలకు మూసీలో క్రొత్తనీరు వచ్చియుండెను. ఎఱ్ఱని ఆ నీరు కృష్ణలో కలియు చోటనే ఆయన ముందటి సాయంకాలము వల కట్టెను. వల కట్టుటకు ఆ స్థలమునే ఎందుకు ఎన్నుకొంటివని అడుగగా, "క్రొత్తనీటికి చేప ఎదురు వస్తది అయ్యగారూ, ఇప్పుడు గుడ్ల మీద ఉంటది" అనెను. ఆ మాటను అప్పుడు మేము అంతగా లక్ష్యపెట్టలేదు.

వల లాగుట ప్రారంభమాయెను. బెండ్లు ఒకటి తరువాత ఒకటి పుట్టిలోనికి వచ్చుచుండెను. మొదట చాలసేపు ఏమియు లేదు. తరువాత నాలుగైదు జిలేబి చేపలు, రెండు చిన్న రోహులు వచ్చెను. చివరకు వల బరువెక్కెను. ఐదు కిలోలకు తక్కువ కాని బొచ్చె చేప యొకటి, మొప్పలయొద్ద దారము బిగుసుకొని, పైకి వచ్చెను. దాని కడుపు ఉబ్బియుండెను. ఆయన వేలితో మెల్లగా నొక్కి, "నిండ గుడ్లే" అనెను. ఆయన ముఖము వెలిగెను. మా ముఖము కూడ వెలిగెను. ఏలయనగా, ప్రియులారా, దాచనేల? ఆ సంవత్సరము మేమును బజారులో గుడ్లున్న చేపనే కోరి కొనియుంటిమి.

అప్పుడు ద్వితీయోపదేశకాండములోని చిన్న ఆజ్ఞ యొకటి మాకు జ్ఞాపకము వచ్చెను. త్రోవలో పక్షిగూడు కనబడి, తల్లి పిల్లలమీదనో గుడ్లమీదనో కూర్చుండియున్నయెడల, తల్లిని పిల్లలతో కూడ పట్టుకొనకూడదనియు, తల్లిని విడిచిపెట్టి పిల్లలను తీసికొనవచ్చుననియు దేవుడు చెప్పెను. దేవుడు తినవద్దనలేదు, ఫలమును తీసికొనుము గాని దాని మూలమును నరకవద్దనెను. ఈ చిన్న ఆజ్ఞకు జతపరచిన వాగ్దానము ఎట్టిదో గమనించుడి: మేలు కలుగుట, దీర్ఘాయువు. తలిదండ్రులను సన్మానించుమను ఆజ్ఞకు కూడ ఇదే వాగ్దానమున్నది. కన్నతల్లిని గౌరవించువానికి ఏ దీవెనయో, గూటిలోని తల్లిపక్షిని కనికరించువానికిని ఆ దీవెనయే.

ఈ తలంపుతో మేము, "అన్నా, దీనిని విడిచిపెట్టుదుమా?" అంటిమి.

ఆయన మా వైపు తేరి చూచెను. కోపగించుకొనలేదు. "విడిస్తే ఇంకొకడు పట్టుకుంటడు అయ్యగారూ. వలకు చేసిన బాకీ ఉంది. ఇంట్ల నలుగురు తినాలె. అదిగాక, ఇది ఇప్పటికే సగం చచ్చింది. నీళ్లల్ల వేసినా బతకదు" అనెను.

మేము మాటలాడలేకపోతిమి. ఆయన చెప్పిన ప్రతిమాట ఆలోచింపదగినదే గనుక, ఇంటికి వచ్చిన తరువాత వాటిని ఒక్కొక్కటిగా తూచి చూచితిమి. మీరును మాతోకూడ తూచి చూడుడి.

మొదటి మాట: మనము విడిచినచో మరియొకడు పట్టుకొనును. ఇది లోకములో మిక్కిలి పాతదైన సాకు. లంచము పుచ్చుకొనువాడును, కల్తీ పాలమ్మువాడును ఇదే మాట చెప్పును. నిర్గమకాండము 23వ అధ్యాయములో, పదిమంది కీడుచేయుచున్నారని వారి వెంట పోవద్దని దేవుడు ఆజ్ఞాపించెను. పొరుగువాడు చేయబోవు తప్పు నాకు ముందుగా ఇచ్చిన అనుమతి కానేరదు. అయినను ఈ మాటలో ఒక సత్యమున్నది: ఒక్కడు మానినందువలన నది బాగుపడదు. అందువలన ఒక్కడు మానుట వ్యర్థమని కాదు గాని, ఒక్కనినే మానుమని చెప్పి మనము చేతులు కడుగుకొనుట చాలదని గ్రహింపవలెను.

రెండవ మాట: ఆకలి. అమెరికాలో కొందరు కాయక్ అను సన్నని చిన్నపడవలో ఒంటరిగా నదిమీదికి పోయి, బాస్ అను చేపను గాలముతో పట్టి, కొలచి, మరల నీటిలో విడిచిపెట్టుదురు. ఆ బాస్ జాతిలో ఒక వింతయున్నది. గుడ్లు పెట్టిన తరువాత మగచేప గూటియొద్ద కావలి కాయును. దగ్గరకు వచ్చిన దేనినైనను తరుముటకు పైబడును. ఆ కావలియే దానిని సులభముగా గాలమునకు చిక్కించును. తండ్రిని తీసివేసినచో ఇతర చేపలు వచ్చి గుడ్లను తినివేయును. అందుచేత కొన్ని ప్రాంతములలో ఆ కాలమున వాటిని పట్టకూడదని కట్టడలు చేసిరి. ఈ సంగతి చెప్పినప్పుడు మన జాలరి సహోదరుడు నవ్వి, "విడిచేదానికి పట్టుడెందుకు?" అనెను. ఆ నవ్వు న్యాయమైనదే. కడుపునిండినవాడు వేడుకకు పట్టినదానిని విడుచుట సుళువు. ఆకలిగొన్నవాడు విడుచుట త్యాగము. ఈ రెంటిని ఒకే త్రాసులో తూచువాడు పరిసయ్యుడగును.

ఆకలిగొనిన దావీదు సముఖపు రొట్టెలు తినినప్పుడు మన ప్రభువు అతనిని నిందింపలేదు. బలిని గాక కనికరమునే దేవుడు కోరుచున్నాడనెను. కావున ఆ దినమున ఆ చేపను అమ్ముకొనిన సహోదరుని మేము తప్పుపట్టుటలేదు. అయితే, ఆకలి ఒక దినపు తప్పును క్షమింపదగినదిగా చేయవచ్చును గాని, ఆ తప్పును ధర్మముగా మార్చలేదు. ఒక్క తల్లిబొచ్చె కడుపులో గుడ్లు లక్షల లెక్కనుండును. అవి వానకాలమున పారునీటిలోనే పెట్టును గాని, నిలువనీటిలో తమంతట తాము పెట్టవు. పైన నాగార్జునసాగరు, దిగువ పులిచింతల కట్టిన తరువాత నది పారుదల పూర్వమువలె లేదు. నగరపు మురికి మూసీలో కలియుచున్నది. ఇన్ని ఇక్కట్లు దాటి వచ్చిన తల్లిని సంగమపు వాకిటనే పట్టుట, రేపటి కూటిని నేడే వండుకొనుటయే. ఆ రేపు ఎవరిది? ఆయన నలుగురిదే గదా!

అందుకు కొందరు, "ప్రభుత్వము చేపపిల్లలను విడుచుచున్నది గదా" అందురు. నిజమే. 1957 జూలై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అను శాస్త్రజ్ఞుడు సూదిమందుచేత మన పెంపుడు జాతి చేపలను గ్రుడ్లు పెట్టించి జయము పొందెను. నేటి హేచరీలకు అదియే పునాది. తెలంగాణ ప్రభుత్వము 2016లో జలాశయములలో చేపపిల్లలను ఉచితముగా విడుచు పథకము ప్రారంభించెను. ఇవి మంచి కార్యములే. అయినను, ఒకరు విత్తుచుండగా మరియొకరు విత్తనపు గాదెను ఖాళీచేయుట బుద్ధికాదు.

ఆదికాండమును చదువునప్పుడు మనము సాధారణముగా గమనింపని సంగతి యొకటి యున్నది. దేవుడు పలికిన మొదటి ఆశీర్వాదము మనుష్యునికి కాదు. అది నీటిలోని జీవులకును పక్షులకును పలుకబడెను: అవి ఫలించి విస్తరింపవలెనని. చేపలమీద ఏలుబడి మనకు ఇయ్యబడినది ఆ తరువాతనే. అనగా, అంతకుముందే దీవింపబడిన వాటిమీద మనము ఏలికలుగా నియమింపబడితిమి. దేవుడు విస్తరింపుమనిన దానిని విస్తరింపనియ్యక ఏలువాడు నమ్మకమైన గృహనిర్వాహకుడగునా?

మూడవ మాట: ఇది సగము చచ్చినది, విడిచినను బ్రదుకదు. ఈ మాటకే మాకు ప్రత్యుత్తరము దొరకలేదు. ఈ మాటయే మాకు ఎక్కువ నేర్పెను. మొప్పలు వలలో బిగుసుకొనిన చేపను విడిచి మేలుచేసితిమనుకొనుట మనలను మనమే మోసపుచ్చుకొనుట. తీర్మానము చేయవలసిన సమయము అప్పటికే గడిచిపోయినది. అది ముందటి సాయంకాలము ఒడ్డున, వల చంకన పెట్టుకొని, ఏ చోట, ఏ కన్ను వల వేయవలెనని ఆలోచించినప్పుడు ఉండెను. పాపము విషయములో మనకును ఇట్లే జరుగుచున్నది. త్రాగుడు అంగడి లోపల కూర్చుండి త్రాగవలెనా వద్దా యని ఆలోచించువాడు ఆలస్యము చేసెను. అతడు మలుపునొద్దనే ఆలోచింపవలసియుండెను. మాట నోట వెడలిన తరువాత కాక, పెదవులు విప్పకముందే కావలి పెట్టుకొనవలెను. వల లాగునప్పుడు కాదు, వల వేయకముందే ధర్మము.

మరి ఆ సాయంకాలము ఆయనకు మనము తోడుంటిమా? యాకోబు తన పత్రికలో, తిండిలేని సహోదరునికి ఏమియు ఇయ్యక తృప్తిపొందుమని మాటలు చెప్పినందువలన ప్రయోజనమేమని అడుగుచున్నాడు. తూర్పు సముద్రతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధింపబడుచున్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ కాలమునకు మత్స్యకారులకు భృతి ఇచ్చుచున్నది. వేట మానుమనువాడు కూడు పెట్టవలెనని లోకప్రభుత్వము సహితము గ్రహించినప్పుడు, క్రీస్తు సంఘము గ్రహింపవలదా? మన సహోదరీలు అన్నము వండునప్పుడెల్ల పిడికెడు బియ్యము ప్రభువు నిమిత్తము తీసి ఉంచుట మన సంఘములలో పాత ఆచారము. క్రొత్తనీరు వచ్చు ఆ కొద్దివారములు, సంగమమునొద్ద వల వేయక ఆగుటకు ఒప్పుకొను ఇంటికి ఆ బియ్యములో ఒక భాగము పోయినయెడల, అది వేదికమీద పెట్టిన కానుకకంటె తక్కువది కాదు. గుడ్లున్న చేపను, వేలెడు పిల్లచేపను కొనకుండుట మనందరివలనను కాగల పని. కొనువాడు లేనిచో పట్టువాడుండడు. ఈ విషయములో మొదట మారవలసినవారము మేమే. ఆ దినమునుండి మా యింట ఆ కొనుగోలు మానితిమి.

యోహాను సువార్త 21వ అధ్యాయములో శిష్యులు తెల్లవారువరకు ఏమియు పట్టలేదు. ప్రభువు మాటచొప్పున వల వేయగా నూట ఏబదిమూడు గొప్ప చేపలు పడెను, వల పిగలలేదు. అయితే వారు ఒడ్డునకు రాకమునుపే అచ్చట నిప్పులును, వాటిమీద చేపయు, రొట్టెయు సిద్ధముగా నుండెను. తన శిష్యుల ఆకలిని ప్రభువు ముందుగానే తలంచెను. మనము కూడ ఒడ్డున నిప్పు రాజేసి వేచియుండు సంఘముగా ఉన్నయెడల, నదిలోనున్న మన సహోదరుడు తల్లిచేపమీద వల వేయవలసిన అగత్యము తగ్గును.

మరుసటి ఆదివారము ఆ సహోదరుడు ఆరాధనకు వచ్చి, వెనుక వరుసలో కూర్చుండెను. ఆరాధన ముగిసిన తరువాత మాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, వచ్చే ఏడు క్రొత్తనీటికి మూసీ మూతిలో వల కట్టను. ఇంకొకడు కట్టకుండ మీరు చెప్పాలె మరి" అనెను. అది ఆయన మనకు పెట్టిన బాకీ. ఆ బాకీ తీర్చుటకు ప్రభువు మనకు కృపను, కనికరమును, ఒడ్డున నిలిచి ఆలోచించు బుద్ధిని అనుగ్రహించును గాక. ఆమేన్.