తలమీది టోపీ, చేతిలోని చెప్పులు



మన సంఘపు మాస్టారొకరు భార్యను, కుమార్తెను వెంటబెట్టుకొని యెరూషలేము యాత్ర చేసి వచ్చిరి. వారు నాకు తెచ్చిన ఒలీవ చెక్క సిలువకంటె, వారు తెచ్చిన ప్రశ్న నన్ను ఎక్కువ దినములు పట్టుకొన్నది.

యూదులు ప్రార్థించు పడమటి గోడయొద్ద పురుషులు తల కప్పుకొనవలెను. టోపీ లేనివారికి అక్కడనే ఒక చిన్న టోపీ ఇచ్చెదరు. మాస్టారు దానిని తీసికొనలేదు. ప్రార్థనచేయు పురుషుడు తల కప్పుకొనరాదని పౌలు కొరింథు సంఘమునకు వ్రాసెను గదా, మన గుడిలోనికి తలపాగా తీసియే వచ్చెదము గదా అని వారి మనస్సు ఒప్పుకొనలేదు. దూరముగా నిలిచి చూచి వచ్చిరి. అమ్మగారికి ఆ చిక్కు లేదు. అక్కడ స్త్రీలకు వేరు స్థలము. మన పల్లెలోను చాపలమీద ఆడవారొక ప్రక్కను, మగవారొక ప్రక్కను కూర్చుందుము. ఆమె కొంగు తలపై వేసికొని, పుట్టింటికి వెళ్లినట్లు వెళ్లిరి.

అక్కడికి కొంత నడకలోనే, అదే పాతపట్టణములో, క్రైస్తవుల పరిశుద్ధ సమాధి దేవాలయమున్నది. అందులో మగవారు టోపీలు తీయుదురు, కాని అందరును చెప్పులతోనే నడుతురు. ఇచ్చట అమ్మగారు తడబడిరి. చెప్పులు విడిచి, ఎవరైన ఎత్తుకొనిపోవుదురేమోయని (నవ్వకుడి, మన గుడి మెట్లమీదను జరిగినదే!) చేతబట్టుకొని లోపలికి పోయిరి.

"అయ్యగారూ, నేను టోపీ పెట్టుకొనకపోవుట తప్పా?" అని మాస్టారు అడిగిరి.

మనస్సాక్షికి విరోధముగా ఏమియు చేయవద్దని మొదట చెప్పితిని. అయితే పలుకుచున్నది మనస్సాక్షియా, అలవాటా అని విచారింపవలెను. రెండిటి గొంతు ఒక్కతీరుగా నుండును. దానియేలును చూడుడి. బబులోనులో కల్దీయుల భాషయు విద్యయు నేర్చుకొనెను. రాజు దేవత పేరునుబట్టి బెల్తెషాజరని తనకు పేరు పెట్టినప్పుడు సయితము ఆయన వాదించినట్లు వ్రాయబడలేదు. రాజు భోజనము దగ్గర మాత్రము నిలిచిపోయెను. మాస్టారును క్రీస్తును విడువుమని ఎవరును అనలేదు. అనినయెడల నిలిచిపోవలసినదే. వచ్చిన చోటి మర్యాద నడుపుమనిరి, అంతే. నేనైతే టోపీ పెట్టుకొని, ఆ గోడయొద్దనే యేసు నామమున ప్రార్థించియుందును.

ఆ సమాధి దేవాలయపు తాళపుచెవి తరతరములుగా ఒక ముస్లిము కుటుంబమునొద్ద నున్నది. మరియొక ముస్లిము కుటుంబమువారు తలుపు తీయుదురు. మన గుడి తలుపు పొరుగువాడు తీయుచుండగా, పొరుగువాని గోడయొద్ద ఒక్క టోపీ మనకు బరువా?

మాస్టారు మాటలాడలేదు. అమ్మగారు మాత్రము, "నన్ను చెప్పులు వేసికొమ్మని అక్కడ ఎవరును అనలేదండీ. ఏ దేశపు ఆమెయో, ఒక ముసలమ్మ, నేను మోకాళ్లూని లేచువరకు నా చెప్పులు తన చేత పట్టుకొని నిలుచున్నది" అనిరి.