మానిపించిన పాట

సాల్జ్‌బర్గ్ చూద్దువుగాని రమ్మని మా అమ్మాయి రెండేళ్ళుగా పిలుస్తోంది. తను మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తోంది. అక్కణ్ణించి రైలెక్కితే రెండు గంటల్లోపు ఆస్ట్రియాలో ఉంటాం. పోయిన వేసవిలో వెళ్ళాం. ఊరంతా మొజార్టే. చాకొలెట్ల మీద అతని బొమ్మ, కూడలిలో విగ్రహం. కొలువులో ఇమడలేక 1781లో అతను వదిలేసి పోయిన ఊరే ఇప్పుడు అతని పేరు మీద బతుకుతోంది.

గెట్రైడెగాసె వీధిలో తొమ్మిదో నంబరు ఇల్లు అతను పుట్టినది. ఆ ఇంట్లో ఏడుగురు పిల్లలు పుడితే బతికి బట్టకట్టింది ఇద్దరు. 1751లో పుట్టిన మరియా అన్నా, 1756లో పుట్టిన వోల్ఫ్‌గాంగ్. అక్కని ఇంట్లో నానెర్ల్ అనేవాళ్ళు. తండ్రి లియోపోల్డ్ ఇద్దరికీ తనే సంగీతం నేర్పాడు, ఇద్దర్నీ 1763 నుంచి 1766 దాకా యూరప్ అంతా తిప్పి కచేరీలు చేయించాడు. పన్నెండేళ్ళ కూతురి వాద్య నైపుణ్యాన్ని పొగుడుతూ ఉత్తరాలు రాశాడు. 1769 డిసెంబరులో ఇటలీకి మాత్రం కొడుకునొక్కణ్ణే తీసుకెళ్ళాడు. అప్పటికి ఆమెకి పద్ధెనిమిదేళ్ళు. పెళ్ళీడు పిల్ల.

ఆమె బొమ్మ ముందు నిలబడి మా అమ్మాయి అడిగింది, "ఈమెకి ఎన్నేళ్ళప్పుడు మానిపించారమ్మా?"

నాకు జవాబు తెలుసు. కానీ నోటి నించి "పధ్నాలుగు" అని వచ్చింది.

అది నానెర్ల్ వయసు కాదు. మా అమ్మాయిది.

2001లో మేం గాజులరామారంలో చిన్న ఇల్లు కట్టుకున్నాం. అప్పటికింకా అది హైదరాబాదులో భాగం కాదు. కుత్బుల్లాపూర్ మున్సిపాలిటీతో పాటు గ్రేటర్‌లో కలిసింది 2007లో. పిల్లలిద్దర్నీ చింతల్‌లో సంగీతం క్లాసుల్లో చేర్చాను. అమ్మాయి గాత్రం, అబ్బాయి కీబోర్డు. ఆమె గొంతు మంచిదని టీచరుగారు నాతో రెండు మూడుసార్లు అన్నారు. అబ్బాయి గురించి ఆ మాట ఎప్పుడూ అనలేదు. క్లాసు ఏడింటికి అయ్యేది. షాపూర్‌నగర్ స్టాపులో బస్సు దిగి, ఫ్యాక్టరీ షిఫ్టు వదిలిన జనంలోంచి, వీధిదీపాల్లేని రోడ్డు మీద ఇంటికి రావాలి. పిల్ల పెద్దదైంది. తొమ్మిదో తరగతిలో ఉండగా మానిపించాను. అబ్బాయి మగపిల్లాడు, సైకిల్ మీద వస్తాడు కదా అని వాణ్ణి మరో రెండేళ్ళు పంపాను. ఎవరూ నన్ను బలవంతం చెయ్యలేదు. మా ఆయన వద్దనలేదు. అత్తగారు నోరెత్తలేదు. పితృస్వామ్యం మీద వ్యాసాలు రాసే నేనే ఆ నిర్ణయం తీసుకున్నాను, అదీ ప్రేమతో.

ఇక్కడే నాకు చిక్కు వస్తోంది. అన్యాయం జరిగిన చోట దుర్మార్గుడు కూడా ఉంటే మన పని సులువు. లియోపోల్డ్ కూతుర్ని ప్రేమించలేదని చెప్పలేం. నేర్పిందీ ఆయనే, ఆపిందీ ఆయనే. 1770లో తమ్ముడు ఇటలీ నుంచి రాస్తూ అక్క కట్టిన పాట ఎంతో బాగుందని మెచ్చుకున్నాడు. అసూయ లేదు, కుట్ర లేదు. అయినా ఆ పాట మిగల్లేదు. ఆమె రచన ఒక్కటీ మనదాకా రాలేదు. 1784లో, అప్పటికే ఇద్దరు భార్యలు పోయి అయిదుగురు పిల్లలున్న ఒక అధికారికిచ్చి పెళ్ళి చేశారు. 1801లో భర్త పోయాక సాల్జ్‌బర్గ్‌కి తిరిగొచ్చి పియానో పాఠాలు చెప్పుకుని, 1829లో పోయింది. ఉద్దేశం మంచిదైతే బాధ్యత తగ్గుతుందా?

తిరుగు రైల్లో నాకు తిరువయ్యారు గుర్తొచ్చింది. కొన్నేళ్ళ క్రితం పుష్య బహుళ పంచమికి కావేరి ఒడ్డున ఆ జనంలో కూచున్నాను. చుట్టూ తమిళం, పాటల్లో మాత్రం మన తెలుగు. త్యాగరాజు 1847లో పోయాడు. ఆయన సమాధికి గుడి కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ. దేవదాసీ కుటుంబంలో పుట్టి, పాడి సంపాదించుకున్న సొమ్ము తెచ్చి అక్కడ పోసింది. గుడిలో ప్రతిష్ఠ జరిగింది. ఆరాధన నడిపే వర్గాలు మాత్రం ఆమెని పాడనివ్వలేదు. ఏ ఆడదాన్నీ పాడనివ్వలేదు. ఆమె గుడి వెనకవైపు ఆడవాళ్ళని కూడగట్టి పాడించింది. ముందువైపు చోటు దొరకడానికి 1940ల దాకా పట్టింది.

ఇవాళ అక్కడ ఆమె సమాధీ ఉంది, దండలూ పడతాయి. కానీ ఆ దండలు గొప్ప భక్తురాలికి. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ని 1910లో పరిష్కరించి అచ్చువేయించిన పండితురాలిని అక్కడ తలుచుకునేవాళ్ళు తక్కువ. ఆ పుస్తకం మీద పెట్టిన నిషేధం 1947లో గాని తొలగలేదు. నానెర్ల్ అక్కగా, నాగరత్నమ్మ భక్తురాలిగా ఊళ్ళ జ్ఞాపకంలో చోటు సంపాదించుకున్నారు. ఆ చోటుకి పెట్టిన షరతు ఒకటే: గొప్ప మగవాడి పక్కన నిలబడాలి.

తిరువయ్యారులో ఉన్నప్పుడు నేను నాగరత్నమ్మ వైపు నిలబడ్డాననే అనుకున్నాను. ఆమెని ఆపిన పెద్దమనుషుల మీద కోపం తెచ్చుకోవడం తేలికే. ఆ రైల్లో తెలిసింది, వాళ్ళు కట్టిన గోడా నేను కట్టిన గోడా ఒకటేనని. బయట నలుగురి మధ్య గొంతెత్తే ఆడది పరువైనది కాదన్నారు కాబట్టే ఆమె గుడి వెనక పాడింది. పరువైన పిల్ల ఏడు దాటాక రోడ్డు మీద ఉండకూడదనుకున్నాను కాబట్టే మా అమ్మాయి ఇంట్లో ఉండిపోయింది. ఒకరిని బయట ఉంచిన గోడే ఇంకొకరిని లోపల ఉంచింది. దాన్ని నేను భద్రత అన్నాను. భయం నిజమే, రోడ్డు చీకటీ నిజమే. కానీ చీకటికి మందు దీపమో, తోడుగా నడిచే మనిషో అవుతుంది గాని, పాట మానడం కాదు. దీపం కోసం నేను ఒక్క అర్జీ కూడా రాయలేదు. క్లాసు ఆపడానికి మాత్రం ఒక్క సాయంత్రం సరిపోయింది.

మ్యూనిక్‌లో దిగేముందు అన్నాను, "మళ్ళీ నేర్చుకోరాదూ? ఫీజు నేను కడతాను."

అది కిటికీలోంచి చూస్తూ అంది. "ఇప్పుడు నేను పాడితే నీకు హాయిగా ఉంటుందని అడుగుతున్నావమ్మా. నాకేం కావాలో అడగట్లేదు." కోపంగా అనలేదు. అందుకే గుచ్చుకుంది.

పశ్చాత్తాపంలో కూడా ఇంత స్వార్థం ఉంటుందని నాకు తెలీదు. ఎవరికి చోటు లేకుండా చేశామో వాళ్ళనే మళ్ళీ పిలిచి, మా మనసు కుదుటపరచమంటాం. నానెర్ల్ గురించి ఇవాళ రాస్తున్నవాటిలో కూడా ఈ తొందర కొంత ఉందేమో. జరిగినదానికి క్షమ ఇచ్చే హక్కు వాళ్ళది. ఇవ్వకపోయే హక్కూ వాళ్ళదే.

గాజులరామారం తిరిగొచ్చాక మా కింది వాటా అమ్మాయిని సాయంత్రం క్లాసు నించి తీసుకొచ్చే పని నేను పెట్టుకున్నాను. వాళ్ళమ్మకి ఫ్యాక్టరీలో ఎనిమిదింటి దాకా డ్యూటీ. ఇప్పుడు రోడ్డు మీద దీపాలున్నాయి. అయినా మనిషి కావాలి. పిల్ల దారంతా ఆ రోజు చెప్పిన వరసలు గట్టిగా అంటూనే నడుస్తుంది. ఎదురొచ్చేవాళ్ళు తిరిగి చూస్తారు. మెల్లిగా అనమ్మా అన్న మాట ఇప్పటికి రెండుసార్లు నా నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. దీంతో నా బాకీ తీరుతుందని కాదు. నేను బాకీపడ్డ మనిషి వేరే ఉంది.