రేవు దిగిన వైద్యుడు

భవానీపూరులో, ఒకదాని నుండి మరొకదానికి నడిచి పోదగినంత దూరంలో, మూడు వైద్యాలయాలున్నవి. ప్రెసిడెన్సీ జనరల్ ఆసుపత్రి పరాయిపాలనలో ప్రధానంగా యూరోపియనుల నిమిత్తం నడచినది; నేడు దాని పేరు వేరు, అందలి రోగులూ వేరు. మరొకటి, 1863లో కలకత్తా హైకోర్టుకు తొలి భారతీయ న్యాయమూర్తి అయిన శంభునాథ పండితుని పేర నిలిచినది. మూడవది ఒకప్పుడు చిత్తరంజన్ దాస్ నివసించిన ఇల్లు. ఆయన దానిని ప్రజలకు ఒప్పగించి 1925లో గతించినాడు. మరుసటి ఏడు అది స్త్రీల వైద్యానికి సేవాసదనమైనది.

జ్వరంతో వచ్చినవాడు ఏ వాకిట దిగినా అడిగేది ఒక్కటే: లోపల వైద్యుడున్నాడా? కట్టించినవాని మనసులో ఏమున్నదో అతనికి పట్టదు.

అయితే ఇదే పేటలో పందొమ్మిదవ శతాబ్దంలో లండన్ మిషనరీ సొసైటీవారు బడి పెట్టి, ప్రార్థనామందిరం కట్టి కాపురమున్నారు. ఇరుగుపొరుగువారికి అప్పుడీ సందేహం కలుగకపోలేదు: సముద్రాలు దాటి వీరెందుకు వచ్చినట్లు? బడి విషయంలో చిక్కు తక్కువ. పిల్లవాడు పాఠం ఒంటబట్టించుకొని, బోధను గుమ్మంలోనే వదలి ఇంటికి పోగలడు. భవానీపూరు పిల్లలలో చాలమంది అట్లే పోయినారు. బాధతో మెలికలు తిరిగేవానికి ఆ వెసులుబాటు లేదు. మనసులో మరొక కోరిక పెట్టుకొని చేసిన చికిత్స సేవ అవుతుందా అన్న ప్రశ్న అందుచేతనే వైద్యుని దగ్గర పదునెక్కుతుంది.

దీనికి వంగదేశంలో ఒక పాత దృష్టాంతం ఉన్నది. జాన్ థామస్ అనే ఆంగ్లేయుడు 1783లో ఓడ వైద్యుడుగా తొలిసారి ఇక్కడికి వచ్చినాడు. 1793 నవంబరులో విలియం కేరీతో కలసి మళ్ళీ కలకత్తాలో దిగినాడు. కంపెనీవారి అనుమతి లేదు. చేతిలో సొమ్ము స్వల్పం. పైగా, వెనుకటి మారు చేసిన అప్పుల తాలూకు ఋణదాతలు ఊళ్లోనే ఉన్నారు. జనానికి ఇయ్యవచ్చినవాడు బాకీదారుడై దిగినాడన్నమాట! ఇందులో నవ్వదగినది కొంత ఉన్నా, నిజం అంతకన్న ఎక్కువ ఉన్నది. రేవు దిగిన ప్రతి పరోపకారీ మొదట పుచ్చుకొనేవాడే. ఈ దేశపు భాష థామసుకు మున్షీ రామరామ బసు పెట్టిన భిక్ష. కాలు మోపను చోటు, తినను అన్నం, పలుకరించే మనిషి, ఇవన్నీ ఆతిథేయుల ఖాతాలోనివి. ఆ లెక్క వ్రాసుకొన్న అతిథులు అరుదు.

1800 నవంబరులో, అప్పటికి డేనుల ఏలుబడిలో ఉన్న శ్రీరామపూరులో, కృష్ణపాల్ అనే వడ్రంగికి భుజం కీలు తప్పినది. థామస్ దానిని సరిచేసినాడు. డిసెంబరు 28న కృష్ణపాల్ హుగ్లీ నదిలో బాప్తిస్మం పొందినాడు. ఇంత కాలానికి ఒక్కడు దొరికినాడన్న ఆనందంలో థామసుకు మతి చలించినది. ఆ శుభదినాన అతనిని కట్టడిలో ఉంచవలసివచ్చినది.

ఆక్షేపించేవారు దీనిని తేలికగా తేల్చివేస్తారు: చెయ్యి బాగుచేసి మనిషిని కొన్నారు. మెచ్చుకొనేవారిదీ అంతే తొందర: ప్రేమ మనసును గెలిచినది. రెండు మాటలలోనూ కృష్ణపాల్ కనబడడు. అతడు చాల ఏండ్లుగా కర్తాభజా సంప్రదాయంలో సత్యాన్ని వెదకుతున్నవాడు. క్రైస్తవులతో కూర్చుండి భోంచేసినందుకు జనం అతనిని అధికారి వద్దకు ఈడ్చుకొనిపోయినారు. కీలు కుదిర్చిన పుణ్యానికి అంత మూల్యం ఎవరు చెల్లిస్తారు? వానికి వేరే ఆకలి ఉండవలె. రోగి అన్నంత మాత్రాన వానికి బుద్ధి లేదనుకోవడం, దయ పేరిట జరిగే అవమానాలలో ఒకటి.

అంతటితో వైద్యుడు నిర్దోషి అయిపోడు. అతని కోరికను తూచే తక్కెడ ఏదీ లేదు. వెలుపలివారు పరీక్షించగలిగినది ఒక్కటే. రోగి కాదన్నప్పుడు ఏమి జరిగినది? కట్టు అంతే శ్రద్ధతో కట్టినారా? మందు మరునాడు కూడా దొరికినదా?

ఈ పరీక్షకు కాలం కావలె. ఆంధ్రదేశంలోని గుంటూరు దీనికి ఉదాహరణ. 1883లో ఆనా కుగ్లర్ అనే అమెరికా వైద్యురాలు అక్కడ దిగినది. ఆమెను పంపిన లూథరన్ సంఘం వైద్యానికి గాక, ఘోషా స్త్రీలకు చదువు చెప్పడానికే ఆమెను నియమించినది. పురుష వైద్యుని ఎదుటికి రాలేని ఆడవారి మంచాల పక్కన కూర్చున్నాక, తన పని ఏదో ఆమెకు రోగులే నిర్ణయించినారు. సంఘం 1885లో గాని దానిని అంగీకరించలేదు. 1898లో ఆసుపత్రి తెరచినారు. మిషను ఆసుపత్రి గనుక అక్కడ బైబిలు వినిపించడమూ ఉండేది. విన్నవారిలో అత్యధికులు విని, కోలుకొని, తమ దేవుళ్ళ దగ్గరికే వెళ్ళినారు. వారి కూతుళ్ళూ కోడళ్ళూ కాన్పుకు మళ్ళీ అక్కడికే వచ్చినారు. 1930లో కుగ్లర్ గుంటూరులోనే కన్నుమూసినది.

ఇప్పుడు విమానంలో దిగి, రెండు వారాలు శిబిరం నడిపి మరలిపోయే బృందాలున్నవి. వారిలో థామసు కన్న నేర్పరులుంటారు, నిష్కపటులూ ఉంటారు. శుక్లం తీయించుకొన్నవానికి చూపు వస్తే అది చూపే. దానిని చిన్న చేయరాదు. కాని రక్తపోటుకు ఇచ్చిన మాత్రలు నెలకు అయిపోతవి. కుట్టు చీము పట్టేది బృందం వెళ్ళిన తరువాత. అప్పుడు రోగి ఎవరి తలుపు తట్టవలె? కృతజ్ఞత చెప్పుకొనేందుకు ఉన్న మనిషి, తప్పు పట్టేందుకు లేకుండా పోతాడు.

భవానీపూరు సేవాసదనంలో ఆ తలుపు ఎక్కడికీ పోలేదు. కాన్పులో పొరపాటు జరిగితే బంధువులు గుమ్మంలో నిలబడి కేకలు వేయవచ్చు. లోపలివారు విని తీరవలె. ఇల్లిచ్చిన దాస్ మహాశయునికి కీర్తి కాంక్ష ఉండెనా, రాజకీయమైన లెక్క ఉండెనా, నిర్మలమైన త్యాగమే ఉండెనా అని వాదించుకొనేవారు వాదించుకొనవచ్చును. ఆ గుమ్మంలో కేకలు వేసే అత్తగారికి ఆ వాదం తెలియదు. ఆమెకు తెలిసినది, వైద్యుడు రేపు కూడా ఇక్కడికే వస్తాడని.